రెక్కకు రఫూ

ఫిరోజ్‌గూడలో మూడో గల్లీ, రేకుల షెడ్డు.
ముందర లేత్ మిషన్లు, ఇనుప రజను.
వెనక టార్పాలిన్ పరదా తీస్తే
పదమూడు అడుగుల రెక్క.
రూతమ్మ మేడం రిటైరైనంక తొమ్మిదేళ్లుగా
శని, ఆదివారాలు పోగేసి కడుతున్న విమానానిది.

నన్ను పిలిచింది గుడ్డ కత్తిరించడానికి.
సుల్తాన్‌బజార్ మెట్ల కింద
షేర్వాణీలకు రఫూ చేసే చెయ్యి నాది.
"రఫూ, నీకు పోగు సంగతి తెలుసు కదా" అన్నది.
గాజు పోగు సంగతి నాకేం తెలుసు?
ముట్టుకుంటే పట్టులా జారింది.
రాత్రంతా మోచేతుల దాకా దురద.

మొదటి పాఠం రూపాయి బిళ్లతో.
రెక్క మీద తట్టుకుంటూ పోయింది,
టక్ టక్ టక్ టక్,
పుచ్చకాయ బేరమాడే మనిషిలా, తాపీగా.
మొదలుకు జానెడు దూరంలో
బొద్దు.
మళ్లీ తట్టింది. బొద్దు.
చుట్టూ పెన్సిల్ గీత గీసింది. అరచేతంత చోటు.
పైన చూస్తే నా ముఖం కనబడేంత నునుపు.
లోపల పొర పొరను విడిచిపెట్టింది.

"పోయిన జూలైలో వేసింది" అన్నది.
"ఆ రోజు ముసురు. గాలిలో చెమ్మ. తెలిసే వేశాను.
మనుమరాలి పుట్టినరోజుకు పోవాలె, తొందర."
కళ్లద్దాలు తీసి తుడుచుకుంది
అవి శుభ్రంగానే ఉన్నా.

రెండు రోజులు ఉప్పుకాగితంతో గీకాం.
గుంత తవ్వినట్టు కాదు,
పళ్లెం అంచు లోపలికి దిగినట్టు, ఏటవాలుగా.
పొర కింద పొర తేలింది
కోసిన ఉల్లిగడ్డలో చుట్లలా.

ఇక గుడ్డ. నిలువు పోగుకు నాలుగు ముక్కలు, క్రాస్‌కు రెండు.
ఒక్కోటి కిందిదానికంటే వేలెడు పెద్దది.
ఇది మాత్రం నాకు తెలుసు.
జాకెట్టు గుడ్డను క్రాస్ మీద కోస్తే ఒంటితో సాగుతుంది,
నిలువు మీద కోస్తే మొండికేస్తుంది.
"వంపును నిలువు పోగు ఆపుతుంది,
మెలికను క్రాస్ పోగు ఆపుతుంది" అన్నది మేడం.
ముప్పై ఏళ్లుగా కత్తెరకు తెలిసింది
ఆ పూట నాకు తెలిసింది.

మే నెల. పగలైతే కలిపిన జిగురు
గ్లాసులోనే పొగలు కక్కుతుంది.
అందుకని తెల్లారుజామున నాలుగింటికి,
బాలానగర్ ఇంకా షట్టర్లు ఎత్తకముందు.
నేను ధారగా పోశాను.
"పిండెయ్" అన్నది. "గుడ్డ తడవాలె, మునగొద్దు.
మిగిలిన జిగురు బలం కాదు, బరువు."

మూడో ఆదివారం రెక్కను బోర్లించాం.
మీదకి ఇసుక సంచులు, ఒక్కోటి ఇరవై కిలోలు.
లేత్ పిల్లలు మోస్తుంటే మేడం లెక్క పెట్టింది.
ఇరవై. ముప్పై. కొస బెత్తెడు దిగింది.
నలభై ఒకటో సంచికి
ఫట్.
ఎవరూ ఊపిరి తియ్యలేదు.
నేను ఆ పెన్సిల్ గీత వైపే చూస్తున్నా.
స్టాండు కింద పెట్టిన టేకు చెక్క చీలింది, అంతే.
తంబి నవ్వబోయి మేడం ముఖం చూసి మానుకున్నాడు.
చెక్క మార్చి, అరవై దాకా పోయాం.

సంచులు దించాక బిళ్ల నా చేతికిచ్చింది.
తట్టాను.
టక్.

మా ఉస్తాద్ అనేవాడు,
రఫూ కనబడితే కూలీ అడగొద్దని.
అందుకే గీకి, రంగేసి, అతుకు మాయం చేస్తానన్నా.
వద్దన్నది.
"రేపు ఇంకెవరో దీన్ని తట్టి చూడాలె.
ఎక్కడ చూడాలో వాళ్లకు తెలియొద్దా?"
నోటు బుక్కు తెరిచి తారీకు రాసింది,
పొరలెన్నో, చెమ్మ ఎంతో.
చేసినవాళ్లు అన్న గడి దగ్గర ఆగి
"రఫూ కాదు, నీ అసలు పేరు చెప్పు" అన్నది.

చెప్పాను.
తప్పు రాయొద్దని
రెండుసార్లు అడిగింది.